బొట్టు పెట్టిన మ్యాగజైన్

“ఆంటీ, మీకు హాఫ్ అవర్ ఉంది,” అన్నాడు నీరజ్, రైఫిల్‌ని బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని.

లీలావతికి ఒళ్ళు మండింది. ఆంటీ అన్నందుకు కాదు. టెక్సస్‌లో పుట్టిన తెలుగు పిల్లలందరికీ ఆవిడ ఆంటీయే. జడ్జి సంతకం ఉన్న ఆర్డరు పట్టుకుని షెరిఫ్ ఆఫీసు సాక్ష్యాల గదికి వస్తే, పసుపుకుంకాలకి వచ్చిన మనిషిని చూసినట్టు చూశాడు. మంట అందుకు.

“జడ్జిగారు గంట ఇచ్చారు నాయనా. కాగితం నీ చేతిలోనే ఉంది, చదువుకో.”

నీరజ్ చదివాడు. కౌంటీలో అతి చిన్న వయసులో డిటెక్టివ్ అయినవాడు, తెలివైనవాడు. ఆ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. “ఓకే. వన్ అవర్. బట్ టచ్ చేసేది నేను. మీరు చెప్పు, నేను చేస్తా.”

“నాకూ అదే కావాలి.”

లీలావతి ఒకప్పుడు హైదరాబాదు ఫోరెన్సిక్ ల్యాబ్‌లో తుపాకుల బల్ల దగ్గర పనిచేసింది. ఇప్పుడు ఇర్వింగ్‌లో ప్రైవేట్ డిటెక్టివ్. ఎక్కువగా విడాకుల కేసులు, ఇన్సూరెన్సు మోసాలు. హత్య కేసు ఆమె గడప తొక్కడం అరుదు. ఈ కేసులో డిఫెన్సు లాయరు మాయ తరఫున తిరుగుతోంది. తిరిగి తిరిగి చెప్పులు అరిగాయే తప్ప ఒక్క ఆధారం చేతికందలేదు. ఇవాళ శుక్రవారం. సోమవారం పొద్దున ముద్దాయి జితేందర్ కోర్టులో నేరం ఒప్పుకుని సంతకం పెడతాడు. ముప్ఫై ఏళ్ళ జైలు, అది అయ్యాక దేశం నుంచి పంపేస్తారు. అతని కూతురు స్మృతికి ఇప్పుడు ఆరేళ్ళు.

కేసు చూడబోతే అద్దంలా ఉంది. జితేందర్, వినీత్ ఒకే ఆఫీసులో ఇంజనీర్లు. ఇద్దరూ హంటింగ్ లైసెన్సు తీసుకుని, సెలవు దొరికితే ఓ పాత పశువుల రాంచ్‌కి అడవిపందుల వేటకి వెళ్ళేవాళ్ళు. నవంబరులో ఒక ఆదివారం ఆ రాంచ్ క్యాబిన్‌లో వినీత్ రెండు తూటాలు తగిలి చనిపోయాడు. రైఫిల్ జితేందర్‌ది. పోలీసులకి ఫోను చేసిందీ జితేందరే. తను దూరంగా పందులకి మొక్కజొన్నలు పోస్తున్నానని, శబ్దం విని పరిగెత్తుకొచ్చానని చెప్పాడు. వినీత్ ఫోను తెరిచి చూస్తే జితేందర్ భార్య రేష్మకి అతను పంపిన వెకిలి మెసేజీలు బోలెడు ఉన్నాయి. అనుమానపు మొగుడు, చేతిలో తుపాకి. ఇంకేం కావాలి నీరజ్‌కి?

“ఆ మ్యాగజైన్ ఊడదియ్యి,” అంది లీలావతి.

నీరజ్ గొళ్ళెం నొక్కాడు. రైఫిల్ పొట్ట కింద నుంచి నల్లటి తూటాల డబ్బీ ఊడి అతని అరచేతిలో పడింది. పాతకాలం రైఫిళ్ళకి తూటాలు పైనుంచి ఒక్కొక్కటే నొక్కి నింపాలి. ఇలాంటివాటికి డబ్బీ విడిగా నింపుకుని కింద తగిలిస్తే చాలు. బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోసినప్పుడల్లా పైన ఉన్న తూటా గొట్టంలోకి ఎక్కుతుంది.

“ఇది దొరికినప్పుడు ఎన్ని ఉన్నాయి ఇందులో?”

“త్రీ. ఐదు పడుతుంది. రెండు ఫైర్ చేసింది, మూడు మిగిలింది. మ్యాథ్ సరిపోయింది ఆంటీ.”

“లెక్క సరిపోయింది కాబట్టి ఇంకేం చూడలేదన్నమాట.” ఆమె భూతద్దం తీసి, డబ్బీ పక్కన ఉన్న అతుకు దగ్గర వంగింది. ఆ సందులో ఎర్రగా ఏదో ఇరుక్కుని ఉంది. “రిపోర్టులో దీన్ని ఏమని రాశావు?”

“రస్ట్.”

“ఇది ప్లాస్టిక్ నాయనా. ప్లాస్టిక్‌కి తుప్పు పట్టగా నీ సర్వీసులో ఎక్కడన్నా చూశావా?”

నీరజ్ మ్యాగజైన్‌ని దీపం కిందకి తెచ్చి తనూ చూశాడు. “దెన్ వాట్?”

“బొట్టు. మీ అమ్మ దసరాకి కొత్త కారుకి పెడుతుంది చూడు, ఆ కుంకుమ. ఆయుధపూజ చేశారు దీనికి. అమెరికాలో పుట్టినా తెలుగింట్లో పెరిగినవాడివి, కుంకుమని తుప్పు అని సర్కారుకి రాసిచ్చావు.”

“సో వాట్? పూజ చేసింది, తర్వాత షూట్ చేసింది. అది కేస్ మార్చదు.”

“మార్చదు. నీతో ఇంకో పని ఉంది.” సంచిలోంచి రెండు డమ్మీ తూటాలు తీసి బల్ల మీద పెట్టింది. మందు లేని ఉత్త లోహం. “ఇవి అందులో పెట్టి, రైఫిల్‌కి తగిలించి, బోల్ట్ లాగు.”

“లాబ్ వాళ్ళు ఆల్రెడీ టెస్ట్ చేసింది ఆంటీ. రెండు బుల్లెట్స్ ఈ రైఫిల్‌వే. మీరు టైమ్ వేస్ట్ చేస్తుంది.”

“ల్యాబ్ వాళ్ళు ఎలా చేస్తారో నాకు తెలుసు, ఆ బల్ల దగ్గర పదమూడేళ్ళు నిలబడ్డాను. మ్యాగజైన్ జోలికి పోరు. ఒక్కో తూటా చేత్తో గొట్టంలో పెట్టి నీళ్ళ తొట్లోకి పేలుస్తారు. తూటా మీద గీతలు ఈ గొట్టానివేనా అన్నదే వాళ్ళకి కావాలి. ఈ డబ్బీలోంచి తూటా ఎక్కుతుందా లేదా అని ఎవరూ చూడలేదు. నువ్వు చూడు.”

నీరజ్ నవ్వాడు, ముసలమ్మ ముచ్చట తీర్చినట్టు. డమ్మీలు నింపి డబ్బీ తగిలించాడు. గొళ్ళెం టక్కున పడింది. బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోశాడు. అది నున్నగా వెళ్ళి మూసుకుంది. మళ్ళీ తెరిచి చూస్తే గొట్టం ఖాళీ. రెండు తూటాలూ డబ్బీలోనే కదలకుండా కూర్చున్నాయి.

ఇంకోసారి చేశాడు. ఈసారి గట్టిగా. మళ్ళీ ఖాళీ.

“గొళ్ళెం పడింది గానీ డబ్బీ వెంట్రుకవాసి కిందకి కూర్చుంది,” అంది లీలావతి. ఆమె గొంతులో నెలల తర్వాత ప్రాణం వచ్చింది. “బోల్ట్ తూటా నెత్తి మీదుగా జారిపోతోంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ ఇది ఈ రైఫిల్‌ది కాదు. వేరే కంపెనీ రైఫిల్‌ది.”

“అతను హ్యాండ్‌తో లోడ్ చేసి ఉంటది. వన్ బై వన్.”

“చేసి చూపించు. పక్క రాంచ్ వాళ్ళ గేటు కెమెరాలో రెండు శబ్దాలూ వినపడ్డాయి. మధ్యలో మూడు సెకన్లు, నీ రిపోర్టులోదే ఆ అంకె. కానీయ్.”

నీరజ్ చేశాడు. బోల్ట్ లాగి, డమ్మీ తీసి, గొట్టంలో పెట్టబోతే అది జారి బల్ల మీద దొర్లింది. రెండోసారి పెట్టగలిగాడు గానీ అప్పటికి లీలావతి తొమ్మిది దాకా లెక్కపెట్టింది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“ఆ రోజు ఈ రైఫిల్‌లో వేరే మ్యాగజైన్ ఉంది నీరజ్. సరిగ్గా పట్టేది. జితేందర్‌ని, అతని కారుని, క్యాబిన్‌ని మీ వాళ్ళు మెటల్ డిటెక్టర్లతో గాలించారు. దొరకలేదు. ఎందుకంటే దాన్ని తీసుకుపోయిన మనిషి మీరు వచ్చేసరికే అక్కడ లేరు. మూడో మనిషి ఉన్నారు. మీరు వెతకనే లేదు.”

అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. నెలల తరబడి ఈ కుర్రాడి ముందు తలవంచుకుని తిరిగిన ఉక్రోషం అంతా నోటికొచ్చింది. “ఆ మ్యాగజైన్ ఎక్కడుందో వెతుక్కో. అది ఎవరింట్లో ఉంటే వాళ్ళే నీ హంతకులు.”

నీరజ్ వాదించలేదు. జేబులోంచి ఫోను తీసి ఏదో టైపు చేసుకున్నాడు. అతను వాదించకపోవడం చూసి తను గెలిచాననే అనుకుంది లీలావతి.

పార్కింగులోకి వచ్చి కారెక్కీ ఎక్కకముందే మాయకి ఫోను చేసింది. మాయ తెలుగులో నాలుగు మాటలు, ఇంగ్లీషులో నలభై మాటలు మాట్లాడే మనిషి. అంతా వింది. చివరికి అంది. “లీలా గారూ, దిస్ ఈజ్ హ్యూజ్. సోమవారం సంతకం పెట్టనివ్వను. మీరు ఇప్పుడే జైలుకి వెళ్ళి జితేందర్‌కి చెప్పండి. అసలు మ్యాగజైన్ ఎవరి దగ్గర ఉండచ్చో అడగండి.” పెట్టేయబోతూ అడిగింది. “ఇదంతా నీరజ్ చూశాడా?”

“అతని చేత్తోనే చేయించాను.”

అవతల మాయ ఊపిరి గట్టిగా వదిలింది. “ట్రయల్‌లో పేల్చాల్సిన బాంబండీ అది,” అని మాత్రం అని పెట్టేసింది.

జైలు అదే ఆవరణలో వెనక బిల్డింగు. లాయర్ల గదిలో మధ్య అద్దం, చెరో పక్కన ఫోను. నారింజరంగు బట్టల్లో జితేందర్ వచ్చి కూర్చున్నాడు. వరంగల్ కుర్రాడు, నిండా ముప్ఫై అయిదు లేవు. నవంబరులో నిగనిగలాడిన మనిషి ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయి, ఎవరో వదిలేసిన చొక్కాలా ఉన్నాడు. చూసినప్పుడల్లా లీలావతి చూపు పక్కకి తిప్పుకునేది. ఇవాళ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయింది.

“జితేందర్, నీ రైఫిల్‌కి మ్యాగజైన్ ఎవరు కొన్నారు?”

అతను తలెత్తాడు. ఎన్నాళ్ళకో మొదటిసారి అతని మొహంలో ఇంత వెలుతురు కనిపించింది. “రేష్మనే. నాకేం తెల్సు ఆంటీ గవన్నీ? నేనైతే పది తూటాలు పట్టే పొడుగుది కొందామన్న, సిన్మాల లెక్క ఉంటదని. ఆమె మెకానికల్ ఇంజనీర్ గదా. వర్క్ పర్మిట్ లేక ఇంట్ల కూసుంటది. వారం రోజులు కూసోని రివ్యూలు చదివింది. పొడుగుది వద్దు, పండుకొని కాల్చేటప్పుడు నేలకు తగుల్తది అన్నది. ప్లాస్టిక్‌ది వద్దు, మన రైఫిల్‌ల కిందికి కూసుంటది, తూటా ఎక్కదు అన్నది. ఐదు పట్టే స్టీల్‌ది తెప్పిచ్చింది. కొలత పెట్టి చూస్కున్నది. రేంజ్‌కి తీస్కపోయి వంద తూటాలు కాల్చింది, ఒక్కటి పట్టెయ్యలే. నాకంటె మంచిగ కాలుస్తది ఆంటీ.”

లీలావతి నవ్వు కొంచెం తగ్గింది. మొదటి రోజున రేష్మ ఆమెతో చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది. తుపాకుల గురించి నాకు ముందూ వెనకా తెలియదండీ ఆంటీ, అంది రేష్మ, చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ.

“అయితే పోలీసుల దగ్గరున్న ప్లాస్టిక్‌ది ఎవరిది?” అంది, తనకి తెలియకుండానే గొంతు తగ్గించి. “దాని మీద కుంకుమ ఉంది.”

“కాపెల్ ఊర్ల కృష్ణమోహన్ గారింట్ల దసరా పూజ చేసినం. వేటకు పొయ్యేటోళ్ళందరం రైఫిళ్ళు అమ్మవారి ముంగట పెట్టినం. పిల్లలు తిర్గుతుంటరని మ్యాగజైన్లన్ని ఊడదీసి పళ్ళెంల పెట్టి బొట్లు పెట్టిన్రు. ప్రసాదం తిని పొయ్యేటప్పుడు చూస్కోకుండ ఒకళ్ళది ఒకళ్ళు తీస్కపోయినం, గుడి కాడ చెప్పులు మారినట్లు. ఇంటికి రాంగనె రేష్మ చూసింది, ఇది మనది కాదన్నది. మర్నాడే పోయి మనది తెచ్చుకున్నది. ఈ ప్లాస్టిక్‌ది కృష్ణమోహన్ గారిదే. ఆయన కొత్తది కొనుక్కున్నడట, పాతది మీరే ఉంచుకోన్రి అన్నడు.”

“అంటే రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి.”

“ఆ, రెండూ ఒక్క డ్రాయర్లనే. ఆ రోజు తొందర్ల నేనే ప్లాస్టిక్‌ది బ్యాగుల ఏసుకొచ్చిన. పొద్దుగాల్నుంచి ఒక్క తూటా ఎక్కలే, యాష్టకొచ్చి రైఫిల్ క్యాబిన్ల పడేసి మక్కలు పొయ్యనీకి…” 

ఏం చెప్పాడో జితేందర్‌కి అప్పుడు తెలిసింది.

లీలావతి ఫోను చెవికి ఆనించుకునే లెక్క వేసింది. పట్టని మ్యాగజైన్ రాంచ్‌కి వచ్చింది. పట్టే మ్యాగజైన్ ఇర్వింగ్‌లో వంటింటి డ్రాయర్లో ఉండిపోయింది. ఆ రైఫిల్ మాత్రం మూడు సెకన్లలో రెండుసార్లు పేలింది. అంటే ఆ డ్రాయర్లోది తీసి, గంటన్నర కారు నడిపి, ఎవరో అక్కడికి తెచ్చారు.

“డబ్బీలో మూడు తూటాలు మిగిల్చింది నువ్వేనా?” అంది చివరికి. “లెక్క సరిపోవాలని రెండు తీసేశావా?”

“నేనే చంపిన,” అన్నాడు జితేందర్.

“జితేందర్…”

“నేనే చంపిన ఆంటీ. సోమారం సంతకం పెడ్త. మీరింక ఏం చెయ్యకున్రి, దండం పెడ్త.” అతని చేయి అద్దానికి ఆనింది. “స్మృతికి ఇద్దర్ల ఒక్కరన్న ఉండాలె గదా. నేను బయటికొస్తే ఏమైతది? ఆమె లోపలికి పోతది. పొల్ల నా దగ్గర ఉంటదా? ఉద్యోగం పాయె, వీసా పాయె. తల్లి దగ్గరుంటే తింటదన్న.” ఉన్నట్టుండి అతని కళ్ళు పెద్దవయ్యాయి. “గా మ్యాగజైన్ సంగతి మీకెట్ల తెల్సు? ఎవలెవలికి తెల్సు?”

అబద్ధం ఆడితే బాగుండేది. నోరు రాలేదు. “నీరజ్‌కి తెలుసు. నేనే చూపించాను.”

జితేందర్ ఫోను నెమ్మదిగా కొక్కేనికి తగిలించి, అద్దం అవతల నుంచి ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది అనుకుంది లీలావతి.

ఇర్వింగ్ దాకా హైవే మీద ఎలా నడిపిందో ఆమెకి తెలియదు. ల్యాబ్‌లో ఇరవై మంది నిరపరాధుల్ని కాపాడిన చదువు అని మురిసిపోయేది ఒకప్పుడు. ఇవాళ ఆ చదువుతోనే ఒక సంసారం మొదలంటా నరికింది. నీరజ్‌కి తెలివి ఉంది. అనుమానపు మొగుడి కథ పట్టుకుని మూడు నెలలు ఇటు చూడలేదు గానీ, ఇప్పుడు చూస్తాడు. ఎవరింట్లో ఉంటే వాళ్ళే హంతకులని తనే చెప్పింది. మొదట ఎవరింట్లో వెతుకుతాడు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దారిపొడుగునా రేష్మకి ఫోను చేస్తూనే ఉంది. రేష్మ ఎత్తలేదు.

రెండో అంతస్తులో అపార్ట్‌మెంట్. తలుపు తీసిన రేష్మ చేతికి పిండి ఉంది. పెసరట్లు పోస్తోంది, కూతురు స్కూలు నుంచి వచ్చే వేళని. లీలావతి మొహం చూడగానే పొయ్యి కట్టేసి వచ్చింది.

“ఆయన చెప్పేశారా?”

“చెప్పలేదు. నేరం నెత్తిన వేసుకుని కూర్చున్నాడు. నేనే తెలుసుకున్నాను.” లీలావతి గుమ్మంలోనే నిలబడింది. “నాతో తుపాకుల గురించి ఏమీ తెలియదన్నావు.”

రేష్మ హాల్లో గోడకున్న దేవుడి అలమర తెరిచి, అమ్మవారి పటం వెనక చెయ్యి పెట్టి పసుపుగుడ్డ మూట తీసింది. విప్పి బల్ల మీద పెట్టింది. నల్లటి స్టీలు మ్యాగజైన్. దసరా బొట్టు ఇంకా చెరగలేదు. పక్కన రెండు విడి తూటాలు.

“నా చేతికివ్వకు,” అంది లీలావతి గబుక్కున. “ముట్టుకున్నానంటే మాయ దాన్ని కోర్టుకి అప్పగించాలి. అది రూలు.”

“ఎవరో ఒకరు అడుగుతారనే ఉంచానండీ. చెరువులో పారేయమన్నారు ఆయన. పారేయలేకపోయాను.” రేష్మది గుంటూరు. ఎంత బాధలో ఉన్నా మాటలో ఆ మర్యాద పోదు. “ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేశారు, తప్పుది తెచ్చుకున్నాను, రోజంతా వేస్టు అని. పాపని పక్కింటి లక్ష్మిగారింట్లో దింపి నేను బయల్దేరాను. సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను ఆంటీ. మర్చిపోయిన క్యారేజీ ఆఫీసుకి పట్టుకెళ్ళినట్టు పట్టుకెళ్ళాను.”

“క్యాబిన్‌లో వినీత్ ఒక్కడే ఉన్నాడు.”

“నిద్ర లేచి టీ పెట్టుకుంటున్నాడు. నన్ను చూసి తలుపు వేశాడు. ఏడాదిగా మెసేజీలు పెట్టేవాడు, మీకు తెలుసు కదా. జవాబివ్వకపోతే ఆయన ఉద్యోగం పోయేలా చేస్తానన్నాడు, వీసా పోతే అందరూ సర్దుకుని వెళ్ళిపోతారన్నాడు. ఆయనకి చెప్పలేదు నేను, చెబితే ఏం గొడవ చేస్తారో అని. ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను. రైఫిల్ బల్ల మీద ఉంది. ఇది నిండా తూటాలతో నా చేతిలో ఉంది.” ఆమె మ్యాగజైన్ వంక చూపించింది. “పాత డబ్బీ తీసి ఇది పెట్టి బోల్ట్ లాగి తోశాను. వెళ్ళిపో అన్నాను. నవ్వాడు. ఇంకో అడుగు ముందుకి వేశాడు. పేల్చాను.”

లీలావతి ప్రాణం లేచి వచ్చింది. “ఇది హత్య కాదు రేష్మా. ఆత్మరక్షణ. టెక్సస్ జ్యూరీ ముందు ఇది చెప్పి ఉంటే…” అంటూనే ఆగింది. ఆమె చూపు తూటాల మీద పడింది. ల్యాబ్ బల్ల దగ్గర నేర్చుకున్న పాడు అలవాటు, లెక్క వదలదు.

“రెండోది ఎందుకు?” అంది.

రేష్మ కుర్చీలో కూర్చుంది. చేతికున్న పిండి ఎండిపోయి పెచ్చులు రాలుతోంది. దాన్ని గోళ్ళతో గీక్కుంది.

“మొదటిది తగలగానే పడిపోయాడండీ. గోడకి జారగిలబడి కూర్చున్నాడు. డాక్టర్‌ని పిలు, ప్లీజ్ అన్నాడు. నాకు వినపడింది. మాటలన్నీ వినపడ్డాయి.” తలెత్తింది. కళ్ళల్లో నీళ్ళు లేవు. “పిస్తోలు అయితే వేలు వణికి రెండోది పేలిందని చెప్పుకోవచ్చు. ఇది బోల్ట్ రైఫిల్. బోల్ట్ పైకెత్తి, వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందకి దించితే గాని రెండోది రాదు. నాలుగూ చేశాను ఆంటీ. ఒక్కోటీ తెలిసే చేశాను.”

ఇదే మాట ప్రాసిక్యూటరు జ్యూరీ ముందు రైఫిల్ పట్టుకుని చేసి చూపిస్తాడు. పైకి, వెనక్కి, ముందుకి, కిందకి. మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో ఆత్మరక్షణ కాస్తా హత్య అయి కూర్చుంటుంది. తను మోసుకొచ్చిన ఆధారంతో ఒకరు బయటికొస్తే ఒకరు లోపలికి పోతారు, అంతే. ఇద్దరూ బయట ఉండే దారి ఎక్కడా లేదు.

“ఆయన పరిగెత్తుకొచ్చారు,” అంది రేష్మ. “అంతా చూశారు. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఇది తీసి, పాతదాంట్లోంచి రెండు తూటాలు తీసి, అన్నీ నా బ్యాగులో పడేసి, పాతది రైఫిల్‌కి తగిలించి, నువ్వు రాలేదు, ఇంట్లోనే ఉన్నావు అన్నారు. అప్పట్నుంచి ఇంట్లోనే ఉన్నాను.”

కిటికీ అవతల ఎయిర్ బ్రేకుల చప్పుడు వినపడింది. రేష్మ లేచి వెళ్ళి తెర తొలగించింది. లీలావతి ఆమె పక్కన నిలబడింది.

రోడ్డు మీద పసుపు స్కూలు బస్సు ఆగింది. పక్కనుంచి స్టాప్ బోర్డు బయటికి తెరుచుకుంది, ఎర్రదీపాలు వెలిగాయి. బస్సు వెనక చట్టప్రకారం కార్లన్నీ ఆగిపోయాయి. అన్నింటికంటే ముందున్నది షెరిఫ్ ఆఫీసు కారు. దాని వెనక ఇంకొకటి. మొదటి కారు స్టీరింగు దగ్గర నీరజ్ కూర్చుని ఉన్నాడు. పిల్ల రోడ్డు దాటేదాకా అతనూ ఆగాల్సిందే.

“ఆంటీ, పెసరట్టు చల్లారితే తినదు. పైన కొంచెం పంచదార చల్లాలి,” అంది రేష్మ. ఆమె గొంతు మామూలుగా ఉంది. ఆ మామూలుతనానికే లీలావతికి ఏడుపొచ్చింది. “లక్ష్మిగారింట్లో నిద్రపోతుంది గానీ దీపం ఆర్పకూడదని చెప్పండి.”

“ప్లాస్టిక్‌దే ఉంచుకోవాల్సింది రేష్మా. ఆ రోజు ఇది తీసుకెళ్ళకపోయినా… ఇదైనా ఆ రెండోసారికి ఇరుక్కుపోయి ఉంటే…” అంది లీలావతి.

రేష్మ బల్ల మీదున్న మ్యాగజైన్ని చూసింది. దసరా నాటి బొట్టు మీద వేలితో ఒకసారి రాసింది.

“ఇరుక్కోదండీ,” అంది. “బాగా చూసి ఎంచాను.”

కింద స్మృతి బస్సు దిగి, వీపున సంచి ఎగరేసుకుంటూ రోడ్డు దాటింది. పైకి చూసి అమ్మకి చెయ్యి ఊపింది. రేష్మ కూడా ఊపింది. బస్సు స్టాప్ బోర్డు మూసుకుంది, ఎర్రదీపాలు ఆరిపోయాయి, నీరజ్ కారు కదిలింది.